పాయింట్లు మార్చే హక్కు

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్ళే రైలు దారిలో బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటాక వచ్చే చిన్న స్టేషను గౌడవెల్లి. నిజాం రాజ్యంలో 1900 ప్రాంతంలో మన్మాడ్ దాకా మీటర్ గేజ్‌గా పరిచిన లైను ఇది. తరువాత బ్రాడ్ గేజ్ అయింది. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ ఎంఎంటీఎస్ ప్రారంభమయ్యాక నగరం ఈ ఊరికి మరింత దగ్గరైంది. చుట్టుపక్కల కండ్లకోయ, మైసమ్మగూడ వైపు ఎటు చూసినా ఇంజినీరింగ్ కళాశాలల బస్సులే. ఆ కళాశాలల కంప్యూటర్ ల్యాబుల్లో రోజూ తలెత్తే ఒక చిక్కు ఈ అధ్యాయానికి విషయం. దాన్ని అర్థం చేసుకోవడానికి పట్టాల దగ్గర మొదలుపెట్టడమే తేలిక.

రైల్వేలో ప్రైవేటు సైడింగ్ అనే ఏర్పాటు ఒకటుంది. ఒక సిమెంటు కంపెనీయో గోదామో తన ఆవరణలో సొంత పట్టాలు వేసుకుంటుంది. లోపల వ్యాగన్లను ఎటు తోసుకున్నా అడిగేవారు లేరు. అవే వ్యాగన్లు మెయిన్ లైను మీదికి రావాలంటే మాత్రం పాయింట్లు మారాలి, వాటిని మార్చేది రైల్వే సిబ్బందే. అది చాలదన్నట్టు, సైడింగ్ మెయిన్ లైనును కలిసే చోటికి కాస్త ముందు ట్రాప్ పాయింట్ పెడతారు. బ్రేకు సరిగా వేయని వ్యాగన్ దానంతటదే దొర్లుకుంటూ వస్తే, ఆ పాయింట్ దాన్ని కావాలనే పట్టాలు తప్పించి పక్కన మట్టిలోకి దించేస్తుంది. ఒక వ్యాగన్ పాడైతే పాడైంది, మెయిన్ లైను మీద వచ్చే రైలుకు ప్రమాదం తప్పుతుంది. అనుమతి ఇచ్చేవాళ్ళు ఒకరు, అనుమతి ఇచ్చాక కూడా ప్రమాదాన్ని పక్కకు మళ్ళించే ఇనుప ముక్క ఒకటి. ఈ రెండూ కంప్యూటర్లోనూ ఉన్నాయి.

యూనిక్స్‌లోనూ, దాని బాటలో నడిచే లినక్స్‌లోనూ ఫైళ్ళన్నీ ఒకే చెట్టు. విండోస్‌లో లాగా సీ డ్రైవ్, డీ డ్రైవ్ అంటూ విడివిడి మొక్కలు ఉండవు. కొత్త డిస్కు వస్తే దాన్ని ఆ చెట్టులోని ఏదో ఒక కొమ్మకు, అంటే ఒక డైరెక్టరీకి, అంటుకట్టాలి. ఆ పనికే మౌంట్ అని పేరు. పెద్ద పళ్ళేల్లాంటి డిస్కు ప్యాకులను ఆపరేటరు చేత్తో ఎత్తి యంత్రంలో బిగించే రోజుల నుంచి మిగిలిన మాట అది. 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్లోనే మౌంట్ ఆదేశం ఉంది. అంటుకట్టాక ఆ డిస్కు ఎక్కడిదన్న తేడా కనబడదు. పక్క గదిలోని సర్వర్‌ది కావచ్చు, పిట్స్‌బర్గ్‌ది కావచ్చు, చూసేవాళ్ళకు మరో ఫోల్డర్ మాత్రమే.

ఈ సౌకర్యం విద్యార్థికి ఎందుకు? ఒక నిజమైన పని తీసుకుని చూద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2000ల మొదట్లో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం మొదలుపెట్టింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య భాగస్వామి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు అలా బొమ్మలుగా మారాయి. ఆ బొమ్మల్లోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాయాలని ఒక అమ్మాయి అనుకుందనుకుందాం. ఆరంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు ఉన్న పుటను అంగుళానికి 600 చుక్కల చొప్పున నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే, కుదించకముందు సుమారు 2.4 మెగాబైట్లు. మూడు వందల పుటల పుస్తకం 730 మెగాబైట్లకు దగ్గర. 16 జీబీ పెన్ డ్రైవ్‌లో ఇరవై ఒక్క పుస్తకాలు పడితే గొప్ప. అదే ల్యాబ్ సర్వర్‌లోని పుస్తకాల ఫోల్డర్‌ను తన కంప్యూటర్‌కు మౌంట్ చేసుకుంటే, ఆమె ప్రోగ్రామ్ ఏ పుట తెరిస్తే ఆ పుటే వైరు మీద వస్తుంది. డిస్కు నిండదు, నకళ్ళు పెరగవు, సర్వర్‌లో ఒక పుట సరిదిద్దితే అందరికీ సరిదిద్దిన పుటే కనబడుతుంది.

ఆమె మౌంట్ ఆదేశం కొడుతుంది. ఆ పని రూట్ ఒక్కడే చేయగలడని కంప్యూటర్ బదులిస్తుంది.

రూట్ అంటే యంత్రం మొత్తానికి అధికారి. ల్యాబ్‌లో ఆ పాస్‌వర్డ్ ల్యాబ్ ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది. ఆయన వేరే క్లాసులో ఉంటే ఆమె పని ఆగినట్టే. ఇది అధికారుల మొండితనం అనుకుంటే పొరపాటు. పాయింట్లకు తాళం వేయడానికి బలమైన కారణాలున్నాయి. వాటిని ఓపిగ్గా చూస్తేనే, తాళం ఎక్కడ సడలించవచ్చో తెలుస్తుంది.

మొదటిది చెట్టు ఒక్కటే కావడం. ఖాతాల వివరాలన్నీ ఈటీసీ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఎవరు ఎక్కడైనా మౌంట్ చేసుకోవచ్చు అంటే, ఒక ఆకతాయి తను తయారుచేసిన ఫోల్డర్‌ను సరిగ్గా ఈటీసీ మీదే అంటుకడతాడు. అసలు డైరెక్టరీ ఎక్కడికీ పోదు, కొత్తదాని కింద కప్పబడిపోతుంది. ఇక యంత్రం చదివే పాస్‌వర్డ్ ఫైలు అతను రాసిందే. విండోస్‌లో మామూలు యూజర్ కూడా నెట్‌వర్క్ డ్రైవ్‌ను జెడ్ అక్షరానికి తగిలించుకోగలగడానికి కారణం ఈ చిక్కు అక్కడ లేకపోవడమే. అక్కడ ఆ అక్షరం లాగిన్ అయిన ఆ మనిషి సెషన్‌కే చెందుతుంది. అదే మనిషి అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఇంకో ప్రోగ్రామ్ తెరిస్తే దానికి ఆ జెడ్ డ్రైవ్ కనబడకపోవడం చాలామందికి అనుభవమే.

రెండో కారణం మరింత లోతైనది. యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన డెన్నిస్ రిచీ సెట్‌యూఐడీ అనే చిన్న గుర్తును కనిపెట్టారు. 1973లో దరఖాస్తు చేసిన ఆ ఊహకు 1979లో అమెరికా పేటెంటు వచ్చింది. ఒక ప్రోగ్రామ్ ఫైలు మీద ఆ గుర్తు ఉంటే, దాన్ని నడిపేది ఎవరైనా సరే, ఫైలు యజమాని అధికారంతో అది నడుస్తుంది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ మార్చుకోగలుగుతున్నాడంటే ఈ ఏర్పాటు వల్లే. ఇప్పుడు ఎవరో ఇంట్లో, తనే రూట్‌గా ఉన్న సొంత ల్యాప్‌టాప్‌లో, రూట్ యజమానిగా సెట్‌యూఐడీ గుర్తు వేసిన ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, దాన్ని ఒక డిస్కులో పెట్టి, ఆ డిస్కును ల్యాబ్ కంప్యూటర్‌కు అంటుకట్టాడనుకోండి. ల్యాబ్ కంప్యూటర్ ఆ గుర్తును నమ్మితే, ఒక్క క్లిక్కుతో అతనే ల్యాబ్ రూట్. ఇంట్లో తను వేసుకున్న ముద్ర ఇక్కడ ప్రభుత్వ ముద్రగా చెల్లినట్టు.

ఇక్కడే ట్రాప్ పాయింట్ పనికొస్తుంది. మౌంట్ చేసేటప్పుడు నోసూయిడ్ అనే మాట చేరిస్తే, ఆ కొమ్మ మీది సెట్‌యూఐడీ గుర్తులను లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ లెక్కచేయదు. నోడెవ్ అంటే అక్కడి డివైస్ ఫైళ్ళను నమ్మదు. నోఎగ్జెక్ అంటే అక్కడి ప్రోగ్రాములను నేరుగా నడపనివ్వదు. మూడూ చిన్న మాటలే. ఒక్కటి మరిచిపోయినా ఏమవుతుందో 2025 జూన్‌లో లోకమంతా చూసింది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో పెన్ డ్రైవ్‌లను చూసుకునే యూడిస్క్స్ అనే సేవ, దాని కింద ఉండే లిబ్‌బ్లాక్‌డెవ్ అనే లైబ్రరీ సాయంతో పనిచేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో అమర్చిన డిస్కు పరిమాణం మార్చమని అడిగినప్పుడు ఆ లైబ్రరీ దాన్ని కాసేపు తాత్కాలికంగా మౌంట్ చేసేది, అదీ నోసూయిడ్ లేకుండా. ఆ కాసేపట్లోనే ముందే అమర్చిపెట్టిన ప్రోగ్రామ్‌ను నడిపి మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చని క్వాలిస్ సంస్థ పరిశోధకులు నిరూపించారు. దాదాపు ప్రముఖ లినక్స్ పంపిణీలన్నీ హడావిడిగా మరమ్మతులు విడుదల చేయాల్సి వచ్చింది. యాభై ఏళ్ళనాటి గుర్తు, ఇంకా బతికున్న ప్రమాదం.

నెట్‌వర్క్ ఫైళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది: నమ్మాల్సింది ల్యాబ్ కంప్యూటర్ ఒక్కటే కాదు, అవతలి సర్వర్ కూడా. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తయారుచేసిన ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ పాత పద్ధతిలో, సర్వర్ అడిగేది ఒక అంకె మాత్రమే. ఉబుంటు లాంటి వాటిలో మొదటి యూజర్‌కు 1000, తరువాతి వాళ్ళకు 1001, 1002 అలా అంకెలు పడతాయి. అడిగిన కంప్యూటర్ 1005 అంటే సర్వర్ ఆ 1005 ఫైళ్ళు చూపించేస్తుంది. ఆ అంకె నిజంగా ఎవరిదో కనుక్కోదు. ఇలా అడిగే కంప్యూటర్లన్నీ నమ్మకస్తులైన అధికారుల చేతుల్లోనే ఉంటాయన్న ఊహ మీద నిలబడిన పద్ధతి అది. 1024 కంటే చిన్న నెంబరున్న పోర్టు నుంచి వచ్చిన అభ్యర్థనలే ఒప్పుకోవడం, వాటిని రూట్ మాత్రమే తెరవగలగడం ఆ ఊహలో భాగమే. ఒక విభాగానికి రెండు మూడు పెద్ద యంత్రాలున్న కాలంలో అది సరిపోయింది. ఇప్పుడు ప్రతి విద్యార్థీ తన ల్యాప్‌టాప్‌లో రూటే. తన ఖాతాకు 1005 అని అంకె వేసుకుని వస్తే, తోటి విద్యార్థి ప్రాజెక్టు మొత్తం చేతికి వస్తుంది. సర్వర్‌లో రూట్ స్క్వాష్ అనే జాగ్రత్త ఉంటుంది. అవతలి రూట్‌ను ఊరూ పేరూ లేని మనిషిగా మారుస్తుంది. అది రూట్ పేరుతో వచ్చేవాళ్ళనే ఆపుతుంది, 1005 వేషంలో వచ్చేవాళ్ళను కాదు.

ఇన్ని కారణాలు చదివాక తాళం అలాగే ఉండనివ్వడమే మేలనిపిస్తుంది. కానీ తాళం వేసిన ల్యాబ్‌లో నిజంగా జరిగేదేమిటి? పిల్లలు పెన్ డ్రైవ్‌లు పట్టుకొస్తారు, వాటితో వైరస్‌లు వస్తాయి. ఇన్‌చార్జి ఎక్కే మెట్టూ దిగే మెట్టూగా విసిగిపోయి రూట్ పాస్‌వర్డ్ ఎవరో ఒకరికి చెబుతారు, సాయంత్రానికి అది క్లాసంతటికీ తెలుస్తుంది. ఒక్క ఫోల్డర్ తెరవడానికి అడిగిన చిన్న హక్కు ఇవ్వనందువల్ల యంత్రం మొత్తం హక్కు చేతులు మారుతుంది. అందుకే మామూలు యూజర్‌కు మౌంట్ హక్కు ఇవ్వడం అలసత్వం కాదు, భద్రతలో భాగమే. ఎలా ఇవ్వాలన్నదే విద్య.

పాతదీ సులువైనదీ ఎఫ్‌ఎస్‌టాబ్ దారి. ఈటీసీలోని ఈ ఫైలులో అధికారి ముందే ఒక వరస రాసిపెడతారు: ఫలానా సర్వర్‌లోని ఫలానా ఫోల్డర్, ఫలానా చోట. పక్కన యూజర్ అనే ఒక్క మాట. అంతే, ఆ ఒక్క కొమ్మను ఆ ఒక్క చోట ఎవరైనా అంటుకట్టుకోవచ్చు. నోసూయిడ్, నోడెవ్, నోఎగ్జెక్ మూడూ అడగకుండానే వచ్చి చేరతాయి. కట్టినవాళ్ళే విప్పాలి. ముందే ఆమోదించిన సైడింగ్ లాంటిది. లోపమల్లా, కొత్త సర్వర్ కావాలంటే మళ్ళీ అధికారి రావాలి. ఆటోఎఫ్‌ఎస్ అయితే ఇంకొంచెం నయం: ఎవరైనా ఆ డైరెక్టరీలోకి అడుగుపెట్టగానే అదే మౌంట్ చేస్తుంది, వాడకం ఆగిన కాసేపటికి అదే విప్పేస్తుంది.

ఈ దారుల్లో రూట్ అధికారంతో నడిచే సహాయక ప్రోగ్రామ్ ఎంత శుభ్రంగా రాసి ఉంటే భద్రత అంతే. విండోస్ తరహా షేర్లను లినక్స్‌కు తగిలించే మౌంట్ డాట్ సిఫ్స్ అనే ప్రోగ్రామ్‌లో 2022లో ఒక పగులు బయటపడింది. సర్వర్ ఐపీ చిరునామా ఇవ్వాల్సిన చోట దాని పొడవు సరిగా కొలవకపోవడంతో, మరీ పొడవైన చిరునామా ఇచ్చి మామూలు యూజర్ రూట్ కాగలిగే వీలుండేది.

అసలైన మలుపు ఫ్యూజ్. హంగరీకి చెందిన మిక్లోష్ సెరెది రాసిన ఈ ఏర్పాటు 2005 అక్టోబరులో 2.6.14 కెర్నెల్‌తో లినక్స్‌లో భాగమైంది. అంతకు ముందు ఫైల్ సిస్టమ్ అంటే కెర్నెల్ లోపల, పూర్తి అధికారంతో నడిచే కోడ్. ఫ్యూజ్‌లో కెర్నెల్ తపాలా మనిషి పాత్రకే పరిమితమవుతుంది. ఎవరైనా ఆ కొమ్మలో ఫైలు తెరిస్తే, కెర్నెల్ ఆ అభ్యర్థనను తీసుకెళ్ళి యూజర్ సొంత ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. జవాబు తెచ్చి అడిగినవాళ్ళకు ఇస్తుంది. సర్వర్‌తో మాట్లాడేది, పొరపాటు చేస్తే కూలిపోయేది ఆ ప్రోగ్రామే. దాని దగ్గర ఉన్నది మామూలు యూజర్ అధికారం మాత్రమే. రూట్ అధికారం కావాల్సింది అంటుకట్టే ఒక్క క్షణానికి. దానికి ఫ్యూజర్‌మౌంట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఆ చోట రాసే హక్కు యూజర్‌కు ఉందా అని చూస్తుంది, నోసూయిడ్, నోడెవ్ తప్పనిసరి చేస్తుంది, పక్కకు తప్పుకుంటుంది.

ఫ్యూజ్‌లో అధికారులను మొదట ఆశ్చర్యపరిచే గుణం ఒకటుంది. యూజర్ మౌంట్ చేసుకున్న కొమ్మలోకి రూట్ కూడా తొంగిచూడలేడు. రాత్రిపూట బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ రూట్‌గా నడుస్తూ అక్కడికి వస్తే అనుమతి లేదని కెర్నెల్ వెనక్కి పంపేస్తుంది. యూజర్ గోప్యత కంటే ముందు ఇది రూట్‌కే రక్షణ. జవాబు చెప్పేది యూజర్ ప్రోగ్రామ్ కదా, అది కావాలనే జవాబు ఇవ్వకుండా కూర్చుంటే రూట్ ప్రోగ్రామ్ అక్కడే ఇరుక్కుపోతుంది. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరుస్తున్నారో కూడా అది గమనించగలదు. ఇతరులకూ చూపించాలంటే అధికారి ఫ్యూజ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఆ వీలు ముందే తెరిచి ఉంచాలి. ఒకరి హక్కు ఇంకొకరికి ఉచ్చు కాకుండా చూసే ఈ ఆలోచన ఫ్యూజ్‌లో అన్నిటికంటే అందమైనది.

సెరెదే రాసిన ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ దీని మీదే నడుస్తుంది. సర్వర్‌లో విద్యార్థికి ఒక మామూలు లాగిన్ ఉంటే చాలు, తన పేరు మీద, తన పాస్‌వర్డ్‌తో, తన హక్కుల మేరకు అవతలి ఫోల్డర్ తెచ్చుకోవచ్చు. 1005 వేషం ఇక్కడ చెల్లదు, సర్వర్ నమ్మేది అంకెను కాదు, లాగిన్‌ను. గ్నోమ్ డెస్క్‌టాప్ ఫైల్ మేనేజర్‌లోనే సర్వర్‌కు కలిపే వీలు ఇస్తుంది. దాన్ని వాడే విద్యార్థులకు తాము మౌంట్ సమస్యను దాటేశామని కూడా తెలియదు. ఇందుకు మూల్యం వేగం. ప్రతి అభ్యర్థనా కెర్నెల్‌కూ ప్రోగ్రామ్‌కూ మధ్య అటూ ఇటూ తిరగాలి. అయినా బెంగళూరు ఇంజినీర్లు ముఖ్యపాత్ర పోషించిన గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ ఫ్యూజ్ మీదే నిలబడి పెద్ద పెద్ద సంస్థల దాకా వెళ్ళింది. 2011లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని 13.6 కోట్ల డాలర్లకు కొన్నది.

రాజ్ రెడ్డి పనిచేసిన విశ్వవిద్యాలయంలో ఇదే ప్రశ్నకు చాలా ముందే మరో సమాధానం దొరికింది. 1980లలో, ఆయన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను నడుపుతున్న రోజుల్లోనే, అదే క్యాంపస్‌లో ఐబీఎంతో కలిసి ఆండ్రూ ప్రాజెక్టు సాగింది. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ ఇద్దరి పేరూ కలిసొచ్చేలా పెట్టిన పేరు అది. మద్రాస్ ఐఐటీలో చదివి వెళ్ళిన మహదేవ్ సత్యనారాయణన్ ముఖ్యుడిగా పనిచేసిన ఏఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అందులోంచి పుట్టింది. దాని నిర్మాతల బృందానికి 2016 ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు దక్కింది. అక్కడ విద్యార్థి మౌంట్ చేయమని కెర్నెల్‌ను అడగనే అడగడు. క్యాంపస్ ఫైళ్ళ చెట్టంతా ప్రతి కంప్యూటర్‌కూ ఒకేసారి కట్టి ఉంటుంది. ఏ యంత్రం అడిగిందన్నది సర్వర్‌కు పట్టదు, ఏ మనిషి అడిగాడన్నదే పడుతుంది. ఆ మనిషి తన గుర్తింపు రుజువు చేసుకుని ఒక టోకెన్ పొందుతాడు, కొన్ని గంటలకు దాని గడువు ముగుస్తుంది. తనకు తగిన హక్కులున్న డైరెక్టరీలో కొత్త మౌంట్ పాయింట్‌ను విద్యార్థే పెట్టుకోవచ్చు కూడా. రైల్వేలోనూ ఒకే లైను మీద డ్రైవరు ముందుకు సాగడానికి స్టేషన్ నుంచి అందుకునే ఇనుప గుండుకు టోకెన్ అనే పేరు.  రెండు చోట్లా అది చేతిలో ఉన్నవాడికే దారి.

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ నిర్మాతలే తరువాత రాసిన ప్లాన్ 9 ఇంకా ముందుకు వెళ్ళింది. అక్కడ చెట్టు అందరిదీ కాదు, ఒక్కో ప్రోగ్రామ్‌కూ తనదైన చెట్టు. తన చెట్టుకు ఏం అంటుకట్టుకున్నా పక్కవాడికి కనబడదు కాబట్టి అనుమతి అడగాల్సిన పనే లేదు. లినక్స్ ఆ ఊహను విడతలుగా తెచ్చుకుంటోంది. 2013లో 3.8 కెర్నెల్‌తో మామూలు యూజర్‌కు సొంత నేమ్‌స్పేస్, అంటే తనదైన చెట్టు, వచ్చింది, 2018లో 4.18తో అందులో ఫ్యూజ్ మౌంట్ చేసుకునే వీలు వచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఆ గేటు ఇంకా తెరవలేదు. సొంత నేమ్‌స్పేస్ ఇవ్వడమే దాడులకు దారి అవుతోందన్న భయంతో ఉబుంటు 2024 ఏప్రిల్ విడుదల దాన్ని కొంత బిగించింది కూడా. ఈ బిగింపు, సడలింపు ఇంకొన్నాళ్ళు సాగేవే.

గౌడవెల్లిలో సాయంత్రం రైలెక్కిన ఆ అమ్మాయి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోను డేటాతో కళాశాల సర్వర్‌లోని స్కాన్ పుటలను ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌లో తెరిచిందనుకుందాం. గుండ్లపోచంపల్లి దాకా పుటలు తెరుచుకుంటాయి. బొల్లారం దగ్గర సిగ్నల్ పోతుంది. ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే ఫైల్ మేనేజర్ బిగుసుకుపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అయి ఉంటే సర్వర్ మళ్ళీ పలికేదాకా అది ఎదురుచూస్తూనే ఉంటుంది, విప్పాలంటే మామూలుగా మళ్ళీ రూట్ కావాలి. ఇక్కడ ఆమె మొదటే రీకనెక్ట్ అనే మాట చేర్చి, పదిహేను సెకన్లకోసారి సర్వర్‌ను పలకరించమని, మూడుసార్లు పలకకపోతే తెగిందనుకోమని చెప్పి ఉంటే, ముప్పావు నిమిషంలో ప్రోగ్రామే ఆ సంగతి గ్రహించి మళ్ళీ కలుపుకోవడానికి చూస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఫ్యూజర్‌మౌంట్‌తో తన కొమ్మను తనే విప్పేసి, సఫిల్‌గూడ దాటి సిగ్నల్ నిలకడగా ఉన్న చోట మళ్ళీ కట్టుకుంటుంది. కట్టడానికి ఇంకెవరి పాస్‌వర్డూ అడగలేదు, విప్పడానికీ అడగక్కర్లేదు. మల్కాజ్‌గిరి వచ్చేలోపు ఇంకో నాలుగు పుటలు చూడొచ్చు.